మట్టి దారి ముచ్చట్లు: ఇంజను సంగతి ఆఖర్న

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. కొత్త ఆఫ్‌రోడ్ బండి కొనాలి, ఏ ఇంజను, ఏ వేరియంట్? బ్రోచర్ చదివితే తల తిరుగుతోంది, షోరూమ్‌లో కూర్చుంటే ఇంకా తిరుగుతోంది. అందుకని ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేశాను. ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: నేను మెకానిక్‌ని కాను, రేసు డ్రైవర్‌నీ కాను. భూగర్భ సర్వేలో ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టి జీతం తీసుకున్నదాన్ని. రాయి ఎక్కడుంటే అక్కడికి బండి వెళ్లాలి, సాయంత్రానికి నమూనాల సంచులతో తిరిగి రావాలి. నాకొచ్చిన బండి విద్య అంతా ఆ రాకపోకల్లో అబ్బిందే.

ప్రశ్న: మేడమ్, జీప్ రాంగ్లర్ తీసుకుందామని ఖాయం చేసుకున్నాను. 3.6 లీటర్ల వీ6 పెట్రోల్‌కి 285 హార్స్‌పవర్, 2 లీటర్ల టర్బో పెట్రోల్‌కి 270 అని ఉంది. పెద్ద ఇంజను కాబట్టి వీ6కే బలం ఎక్కువని నేను, కాదు టర్బోనే మేలని మా బావమరిది. ఇంజను తేలాక దాని వేరియంట్లలో సహారానా, రూబికానా అన్నది చూసుకుంటాం. ఏ ఇంజను తీసుకోమంటారు?

జవాబు: మీరిద్దరూ తోక దగ్గర మొదలెట్టారు. ముందు తేల్చాల్సింది ఆ రెండో సంగతి.

హార్స్‌పవర్ అంకె హైవే మీద లారీని దాటేటప్పుడు పనికొస్తుంది. బండరాయి మీద ముందు చక్రం ఆనించి, మనిషి నడక కన్నా నెమ్మదిగా ఎక్కించేటప్పుడు కావలసింది టార్క్, అంటే చక్రాన్ని మెలితిప్పే బలం. ఆ లెక్కలో మీ బావమరిదే గెలిచాడు. వీ6కు 353 న్యూటన్ మీటర్లు, టర్బోకు 400. పైగా వీ6 తన పూర్తి బలం చూపేది 4,800 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర, టర్బో 3,000 దగ్గరే చూపిస్తుంది. ఇది చదివి ఆయన మీసం మెలేస్తుంటే కాస్త ఆగమనండి.

ఇంజను బలం చక్రానికి చేరేలోపు మూడు చోట్ల హెచ్చింపు జరుగుతుంది. ఒకటి గేర్‌బాక్సులో, రెండోది ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ముందూ వెనకా ఇరుసులకి బలం పంచి, లో రేంజ్ అనే నిదానపు గేరు వేసే పెట్టెలో, మూడోది ఇరుసు మీది డిఫరెన్షియల్‌లో, అంటే రెండు పక్కల చక్రాలకీ బలం పంచే గేర్లలో. రాంగ్లర్ 8 గేర్ల ఆటోమేటిక్‌లో మొదటి గేరు 4.71. రూబికాన్‌లో లో రేంజ్ 4, ఇరుసు 4.10. ఈ మూడింటినీ గుణించండి, 77 వస్తుంది. సహారాలో లో రేంజ్ 2.72. ఇరుసు 3.45ది వచ్చిందనుకుంటే 44 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు వీ6 రూబికాన్‌ని, టర్బో సహారాని పక్కపక్కన పెట్టండి. 353ని 77తో గుణిస్తే 27 వేల పైచిలుకు. 400ని 44తో గుణిస్తే 17,600. దారిలో రాపిడికి పోయేది పోగా కూడా తేడా అంతే ఉంటుంది. ఇంజన్ల మధ్య మీరు కొట్టుకుంటున్నది 47 న్యూటన్ మీటర్ల కోసం. వేరియంటు మారితే చక్రం దగ్గర సగానికి సగం పెరుగుతోంది.

బలం ఒక్కటే కాదు, నిదానం కూడా. ఇంజను 1,000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతుంటే రూబికాన్ గంటకు 2 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. అదే ఆర్‌పీఎమ్ దగ్గర ఆ సహారా మూడున్నర కిలోమీటర్లు పోతుంది. ఒకటిన్నర కిలోమీటరు తేడా కాగితం మీద నవ్వులాటగా కనిపిస్తుంది. రాళ్లు దొర్లే దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా, గేరు పట్టు మీదే బండిని దింపుతున్నప్పుడు ఆ తేడా ఏమిటో మీ నడుముకు తెలుస్తుంది. బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. గేరు పట్టితే జారదు, జారినా తక్కువ. ఫీల్డులో నాకు బండి అప్పగించిన పెద్దాయన మొదటి రోజు చెప్పిన మాట ఇదే: "ఎక్కిన గేర్లోనే దిగు, బ్రేకుని మర్చిపో."

రూబికాన్ అన్న పేరు అమెరికాలో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో ఉన్న రాళ్ల దారిది. 2003లో ఆ వేరియంట్ మొదటిసారి వచ్చినప్పుడే లో రేంజ్ 4:1, ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు (ఇరుసు మీది రెండు చక్రాలనీ ఒకటిగా తిప్పేవి) ఇచ్చారు. ఇప్పటి దాంట్లో వాటితోపాటు ముందు చక్రాలు బాగా పైకీ కిందికీ ఆడేలా యాంటీ రోల్ బార్‌ని (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీని) బటన్‌తో విడదీసే ఏర్పాటు, 33 అంగుళాల టైర్లు వస్తాయి. మీరు ఆ మాదిరి రాళ్లలోకి వెళ్లేట్టయితే మారుమాట లేకుండా రూబికాన్. మీరు వెళ్లేది మట్టి రోడ్లు, పొలం గట్లు, ఏటి ఒడ్డు ఇసుక అయితే సహారా బాగా సరిపోతుంది. రోడ్డు మీద హాయిగా కూడా ఉంటుంది. ఉత్తరంలో మీరు ఎక్కడికి వెళతారో ఒక్క ముక్క రాయలేదు. అందుకే రెండూ చెబుతున్నాను.

ఇక ఇంజను. మీ తిరుగుడు ఎత్తయిన కొండల్లో అయితే టర్బో తీసుకోండి. సముద్ర మట్టానికి 4,000 మీటర్ల పైన గాలి సాంద్రత మూడో వంతు తగ్గిపోతుంది. టర్బో లేని ఇంజను బలం కూడా ఇంచుమించు అంతే పడిపోతుంది. టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి ఆ లోటు చాలావరకు పూడుతుంది. నేను నడిపిన మొదటి ఫీల్డు బండి టర్బో లేని డీజిలు. ఆ ఎత్తులో నల్లటి పొగ తప్ప కదలిక ఉండేది కాదు. లో రేంజ్ మొదటి గేరు వేస్తే మాత్రం గొణుక్కుంటూనైనా ఎక్కేది. ఇంజను చేతులెత్తేసిన చోట గేరు మోసుకెళ్లింది. కింది ప్రాంతాల్లోనే తిరుగుతూ, బండిని పదిహేనేళ్లు ఉంచుకునే మనిషయితే వీ6. అందులో టర్బో, దాని గొట్టాలు, దాని వేడి అనే తలనొప్పులు ఉండవు.

ప్రశ్న: నాకు నచ్చిన బండిలో టాప్ వేరియంట్‌కి 20 అంగుళాల అల్లాయ్‌లు, పెద్ద సన్‌రూఫ్, తోలు సీట్లు, సైడ్ స్టెప్పులు వస్తున్నాయి. కింది వేరియంట్‌లో ఇవేవీ లేవు, 17 అంగుళాల ఇనప రిమ్ములు. వెనక డిఫరెన్షియల్ లాక్ రెండింట్లో దేనికైనా కంపెనీ దగ్గరే విడిగా పెట్టించుకోవచ్చట. ఎలాగూ జీవితంలో ఒకసారి కొనేదే కదా, టాప్ తీసుకుంటే పోలేదా?

జవాబు: సరిగ్గా ఈ మాటే అనుకుని నేనూ కొన్నాను. రిటైరైన డబ్బు చేతికొచ్చింది, ఇన్నాళ్లూ ఆఫీసు వాళ్ల డొక్కు బండ్లు తోలాం కదా, మన సొంత బండి దర్జాగా ఉండాలని టాప్ వేరియంట్ తీసుకున్నాను. కంపెనీ పేరు అడక్కండి, తప్పు బండిది కాదు, నాది.

మొదటిసారే సున్నపురాయి నేలలోకి పోనిచ్చాను. వానకు కరిగి కరిగి సున్నపురాయి అంచులు కత్తుల్లా తేలతాయి. అది నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? రిమ్ము పెద్దదైతే టైరు గోడ పొట్టిదవుతుంది. నా 20 అంగుళాల రిమ్ముకీ రాతికీ మధ్య ఉన్న రబ్బరు నా అరచేయంత కూడా లేదు. అంచు తగిలి టైరు పక్కగోడ జానెడు చీరుకుపోయింది. పక్కగోడ చీరితే అతుకు వేయలేం, టైరు పారేయాల్సిందే. వెనక తలుపు తీసి చూస్తే స్టెప్నీ సన్నటి తాత్కాలిక చక్రం. దాని మీద గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని పసుపు కాగితం అంటించి ఉంది. నేనున్న చోట 8 కిలోమీటర్లు కూడా పోలేను. సరే, అది బిగించి వెనక్కి తిప్పబోతే కుడివైపు సైడ్ స్టెప్పు గట్టుకి ఆనుకుని పైకి వంగి, డ్రైవరు తలుపు తెరుచుకోలేదు. అవతలి సీటు మీదుగా పాక్కుంటూ దిగాను. అరవై దాటిన మనిషిని, చీరలో ఉన్నాను.

కాబట్టి మీకు చెప్పేది ఒకటే. ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా సరిగ్గా పెట్టలేనివి ఏమిటో చూసి, డబ్బు వాటి మీద పెట్టండి. లో రేంజ్ ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసు, దాని గేరు నిష్పత్తి, డిఫరెన్షియల్ లాక్, గేర్‌బాక్సు. వీటిలో దేన్నయినా తర్వాత మార్చబోతే ఇరుసో గేర్‌బాక్సో విప్పాలి, ఖర్చు రెండింతలు, వారంటీతో పేచీ. దీపాలు, ఇనప బంపరు, విన్చి, సీటు కవర్లు, పెద్ద స్క్రీను, పాటల పెట్టె ఎప్పుడైనా వస్తాయి. మీ కింది వేరియంట్‌లో ఉన్న 17 అంగుళాల రిమ్ముని లోటని చూడకండి, అది మీకు దొరికిన లాభం. టైరు గోడ ఎత్తుగా ఉంటే ఇసుకలో గాలి తగ్గించి నడపొచ్చు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరుని 18కి దించితే అది చప్పిడిగా పరుచుకుని నేలని పట్టుకుంటుంది. పొట్టి గోడ టైరుతో ఆ పని చేస్తే రిమ్ము నేలకి కొట్టుకుంటుంది.

ఇంకో సంగతి సేల్స్‌వాళ్లు చెప్పరు, అడిగితే తప్ప. బండి మోయగల మొత్తం బరువుకి ఒక హద్దు ఉంటుంది. వేరియంట్లు మారినా ఆ హద్దు చాలాసార్లు మారదు. సన్‌రూఫు, కరెంటు సీట్లు, పెద్ద చక్రాలు ఆ హద్దులోంచే తమ వాటా ముందే తినేస్తాయి. మిగిలిందే మనుషులకి, నీళ్ల క్యాన్లకి, గుడారానికి. టాప్ వేరియంట్ ఎంత బరువు మోస్తుంది, కింది వేరియంట్ ఎంత మోస్తుంది అని రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. బండి పైకప్పు మీద ఎంత పెట్టొచ్చో కూడా. అది ఆగి ఉన్న బండికి చెప్పే అంకె వేరు, నడిచే బండికి వేరు. మీకు కావలసింది రెండోది.

తోలు సీట్ల గురించి నాకే అభిప్రాయమూ లేదు. బురద తుడవడానికి మాత్రం సులువు.

ప్రశ్న: ల్యాండ్ క్రూజర్ 70 మీద చిన్నప్పటి నుంచి మోజు. తీరా కొనే రోజు వచ్చేసరికి వీ8 డీజిల్ తీసేసి నాలుగు సిలిండర్ల ఇంజను పెడుతున్నారు. అంత పెద్ద బండికి 2.8 లీటర్లు ఏం చాలుతుంది? పాత వీ8 సెకండ్‌హ్యాండ్‌లో వెతకనా?

జవాబు: సిలిండర్లు లెక్కపెట్టి బలం అంచనా వేయడం, గది తలుపులు లెక్కపెట్టి ఇల్లు ఎంతో చెప్పడం లాంటిది. ఆ 4.5 లీటర్ల వీ8 ఇచ్చేది 430 న్యూటన్ మీటర్లు. ఈ 2.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను ఆటోమేటిక్‌తో 500 ఇస్తుంది. హార్స్‌పవర్ రెండింటికీ దాదాపు సమానం. ముక్కు మీద బరువు కూడా తగ్గుతుంది. ఇసుకలో ముందు చక్రాలు దిగబడకుండా ఉండటానికి అదీ ముఖ్యమే.

వీ8 తరఫున ఒక న్యాయమైన మాట ఉంది. దాని బలం 1,200 ఆర్‌పీఎమ్‌కే పూర్తిగా అందుతుంది, కొత్తదానికి 1,600 దాకా ఆగాలి. క్లచ్ వదిలీ వదలగానే బండి పోవాలనుకునే పాతకాలపు పాదానికి ఆ 400 తేడా తెలుస్తుంది. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనెతో బలం అందించే భాగం) ఆ సందు కప్పేస్తుంది. వీ8 చప్పుడు కావాలంటే మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. అది మోజు, దానికి లెక్కలు చెప్పను.

ప్రశ్న: మా ఇంటి నుంచి ఆఫీసు 7 కిలోమీటర్లు. వారమంతా అంతే. నెలకు రెండు ఆదివారాలు మాత్రం కొండ దారులు. ఆఫ్‌రోడ్ అంటే డీజిలే అని అందరూ అంటున్నారు. మీరూ అదే అంటారా?

జవాబు: అనను. మీకు పెట్రోలు.

డీజిల్ మంచిదే. తక్కువ ఆర్‌పీఎమ్‌లో బలం, ఒక ట్యాంకు మీద ఎక్కువ దూరం. నా ఉద్యోగమంతా డీజిలే తోలాను. కానీ ఆ రోజుల డీజిల్‌కి పొగగొట్టంలో జల్లెడ లేదు. ఇప్పటి వాటికి మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది అప్పుడప్పుడు కాల్చుకోవాలి. అందుకు లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా ఓ ఇరవై నిమిషాలు, అరగంట మంచి వేగంతో నడవాలి. మీ 7 కిలోమీటర్లకి ఇంజను నూనే సరిగ్గా వేడెక్కదు. సగం కాలిన మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది, మీరు పట్టించుకోరు, ఒక రోజు బండి తనంతట తాను బలం తగ్గించేసుకుంటుంది. కొండ దారిలో గంటకు పది కిలోమీటర్లతో పాకడం కూడా ఆ ఫిల్టరుకి ఉపయోగపడదు. నెలకు రెండు ఆదివారాలు కొండకి వెళ్లే హైవే ప్రయాణం పొడుగ్గా ఉంటే కొంత నయం.

ఒక చిక్కు ఉంది, కొనే ముందు చూసుకోండి. కొన్ని బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌తోనే ఇస్తారు. 2024లో వచ్చిన థార్ రాక్స్ అలాంటిదే, పెట్రోలు తీసుకుంటే వెనక చక్రాలే తిరుగుతాయి. మూడు తలుపుల థార్‌లో ఆ పేచీ లేదు, పెట్రోలుకీ ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. మనసు బండి మీద పడ్డాక ఈ సంగతి తెలిస్తే ఏడుపొస్తుంది. అందుకని మొదట ఆ గడి చూడండి, తర్వాత ప్రేమించండి.

ప్రశ్న: మాన్యువలా, ఆటోమేటిక్కా? ఆటోమేటిక్ తీసుకుంటే మా క్లబ్బులో నవ్వుతారు.

జవాబు: నవ్వేవాళ్లని ఏటవాలులో బండి ఆపి, రాతి మీద మళ్లీ కదిలించమనండి. క్లచ్ కాలిన వాసన మీ ముక్కుకి తగిలేదాకా నవ్వుతూనే ఉండండి, ఈసారి మీ వంతు.

మా క్యాంపులో కొత్తగా చేరిన కుర్రాడొకడు లో రేంజ్ వేయడం మరిచిపోయి హై రేంజ్ మొదటి గేర్లో, సగం క్లచ్ మీద, బంకమట్టి ఏటవాలు ఎక్కించబోయాడు. ఒక్క ఎక్కుడుకి క్లచ్ ప్లేటు అయిపోయింది. ఆ ప్లేటు వచ్చేదాకా తొమ్మిది రోజులు నమూనాలు వీపుల మీద మోశాం. టార్క్ కన్వర్టరు ఉన్న ఆటోమేటిక్ అలా కాలదు. ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనె ఉంటుంది, కదిలేటప్పుడు అదే బలాన్ని హెచ్చిస్తుంది కూడా. మీ చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉంటాయి. దానికుండే బలహీనత వేడి. ఇసుకలో చాలాసేపు దున్నితే గేరు నూనె ఉడుకుతుంది. గేర్‌బాక్సు నూనెకి విడిగా కూలరు ఉందా, దాని వేడి చూపించే మీటరు ఉందా అని అడగండి. టోయింగ్ ప్యాకేజీ అని అమ్మే దాంట్లో చాలాసార్లు ఆ కూలరు కలిసే వస్తుంది. మీరు ఏదీ లాక్కెళ్లకపోయినా ఆ ఒక్కదాని కోసం ఆ ప్యాకేజీ తీసుకోవచ్చు.

డబుల్ క్లచ్ ఆటోమేటిక్ సంగతి వేరు. పేరు ఆటోమేటిక్కే, లోపల ఉన్నది క్లచ్చులే. రాళ్లలో పాకడానికి నేను తీసుకోను.

ప్రశ్న: సుజుకి జిమ్నీ నచ్చింది. కానీ 1.5 లీటర్ల ఇంజను, డిఫరెన్షియల్ లాక్ లేదు. బొమ్మ బండి అంటున్నారు. నిజమేనా? మూడు తలుపులదా, ఐదు తలుపులదా?

జవాబు: ఆ బొమ్మ మూడు తలుపులది బరువు 1,100 కిలోల చుట్టూ. రాంగ్లర్ నాలుగు తలుపులది రెండు టన్నులకి అటూ ఇటూ. బురదలో కూరుకుపోయిన రోజు ఇద్దరు మనుషులు తోసి బయటపడేసేది జిమ్నీనే. ఇంజను చిన్నదని బెంగపడకండి, లాగాల్సిన ఒళ్లు కూడా చిన్నదే. దానికి నిచ్చెన చట్రం, ముందూ వెనకా బిగువు ఇరుసులు, నిజమైన లో రేంజ్ ఉన్నాయి. పెద్ద పెద్ద బండ్లలో చాలావాటికి ఈ మూడూ కలిసి లేవు.

లాక్ లేని లోటు మాత్రం ఉంది, దాచను. మామూలు డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీది రెండు చక్రాలకీ సమానంగానే బలం ఇస్తుంది. చిక్కల్లా ఏమిటంటే ఒక చక్రం గాల్లో లేస్తే దానికి కావలసిన బలం సున్నా, కాబట్టి నేల మీదున్న రెండోదానికీ దక్కేది సున్నా. జిమ్నీ దీన్ని బ్రేకుతో సరిచేస్తుంది. గాల్లో తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపి, బలాన్ని అవతలికి నెడుతుంది. బాగానే పని చేస్తుంది. కానీ చక్రం ముందు జారాలి, ఆ తర్వాతే బ్రేకు పడుతుంది. లాక్ ఉంటే జారడమే ఉండదు. అలాంటి చోట జిమ్నీ కాస్త ఊగి, కాస్త గీరుకుని, ఎక్కుతుంది. మీరు యాక్సిలరేటరు వదలకుండా ఒక్క క్షణం ఓపిక పట్టాలి. చాలామంది ఆ క్షణంలోనే కాలు తీసేసి బండిని తిడతారు.

తలుపుల సంగతి. మూడు తలుపులదానికి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,250 మిల్లీమీటర్లు, ఐదు తలుపులదానికి 2,590. గట్టు దాటేటప్పుడు పొట్ట తగలకుండా దాటగల కోణం మొదటిదానికి 28 డిగ్రీలు, రెండోదానికి 24. ఆ నాలుగు డిగ్రీల్లో చాలా గట్లు ఇముడుతాయి. ఒంటరిగా, మహా అయితే ఇద్దరు వెళ్లేట్టయితే మూడు తలుపులది. అందులో వెనక సీటు వాడితే సామానుకి చోటే ఉండదు. పిల్లలుంటే ఇక చర్చ లేదు, ఐదు తలుపులది తీసుకుని ఒకటి రెండు గట్లు చుట్టు తిరిగి వెళ్లండి.

ప్రశ్న: నేను ఎక్కువగా వాన రోడ్ల మీద, మంచు రోడ్ల మీద తిరుగుతాను. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ చాలా, ఫుల్ టైమ్ కావాలా?

జవాబు: ఫుల్ టైమ్. పార్ట్ టైమ్ దాంట్లో ముందు ఇరుసూ వెనక ఇరుసూ గట్టిగా ముడిపడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ముడి వాటిని తిరగనివ్వదు. మట్టిలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారలేదు కాబట్టి ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. మీ రోడ్డు కాసేపు తడి, కాసేపు పొడి. గంటకు పదిసార్లు లివరు మార్చలేరు. మధ్య డిఫరెన్షియల్ ఉండి, అవసరమైనప్పుడు దాన్ని లాక్ చేసుకునే వీలున్నది వెతకండి.

ప్రశ్న: ప్లగిన్ హైబ్రిడ్ ఆఫ్‌రోడ్ బండి అంటే మీ అభిప్రాయం?

జవాబు: ఒకసారి స్నేహితురాలి రాంగ్లర్ ఫోర్ ఎక్స్ ఈ నడిపాను. పెట్రోలు ఇంజనుతోపాటు కరెంటు మోటారు, ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే 17 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంటాయి, ఇంజనూ మోటారూ కలిపి 637 న్యూటన్ మీటర్లు. అంకెలు పక్కన పెట్టండి. ఇంజను ఆపి కరెంటు మీద రాళ్లలో పోతుంటే టైరు కింద చిప్స్ రాయి నలగడం, పలకరాయి విరగడం విడివిడిగా వినిపించాయి. ఇన్నేళ్లలో బండిలో కూర్చుని రాయి మాట వినడం అదే మొదటిసారి. మోటారుకి ఆర్‌పీఎమ్ లేచేదాకా ఆగడం లేదు, సున్నా నుంచే బలం. రాళ్ల మీద పాకడానికి అంతకన్నా ఏం కావాలి?

బరువు ఎక్కువ, ధర ఎక్కువ, బ్యాటరీ అయిపోయాక ఆ బరువంతా పెట్రోలు ఇంజనే మోయాలి. ఇంటి దగ్గర రోజూ చార్జింగ్ పెట్టుకునే వీలుంటే తీసుకోండి, లేకపోతే వద్దు.

ప్రశ్న: కొత్త బండి డెలివరీ కాగానే 33 అంగుళాల టైర్లు తీసి 35వి వేయిద్దామనుకుంటున్నాను. ఇబ్బందా?

జవాబు: టైరు పెద్దదైతే బండి గేరు పొడుగవుతుంది. 4.10 ఇరుసు మీద 35 వేస్తే అది 3.87 ఇరుసులా ప్రవర్తిస్తుంది. మొదటి ఉత్తరంలో గుణించి సంపాదించిన 77 కాస్తా 73 దగ్గరికి దిగుతుంది. మైలేజీ తగ్గుతుంది, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకుకి పని పెరుగుతుంది. కంపెనీయే 35 టైర్లు, వాటికి తగ్గ ఇరుసుతో ప్యాకేజీ ఇస్తుంటే అది తీసుకోండి. ఇవ్వకపోతే మొదటి ఏడాది 33తోనే తిరిగి, అవి నిజంగా ఎక్కడ ఆగిపోయాయో రాసి పంపండి.

ప్రశ్న: రంగు?

జవాబు: ఇసుక రంగు, బూడిద రంగు, తెలుపు. నలుపు వద్దు. కంపకొమ్మ గీసిన ప్రతి గీతా దాని మీద సంతకంలా మిగిలిపోతుంది.

ప్రశ్న: వచ్చే వారం టెస్ట్ డ్రైవ్ ఉంది మేడమ్. ఊరి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. అందులో ఏం తెలుస్తుంది? ఏం చూడమంటారు?

జవాబు: తిప్పకముందే లో రేంజ్ వేసి చూపించమనండి. వేయడం రాని సేల్స్ అబ్బాయిల్ని నేను ముగ్గుర్ని చూశాను. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లనెవరూ అడగలేదంతే. మట్టి నేల కాస్త దొరికితే లో రేంజ్ మొదటి గేర్లో బ్రేకూ యాక్సిలరేటరూ ముట్టకుండా వదిలేయండి. పక్కన మీ ఇంట్లోవాళ్లని నడవమనండి. బండి వాళ్లకన్నా ముందుకు పోతుందా, వెనకబడుతుందా చూడండి. వెనకబడాలి.

తర్వాత బండి కిందికి దూరండి. ఇంజను కింద, గేర్‌బాక్సు కింద, పెట్రోలు ట్యాంకు కింద ఇనప పలకలు ఉన్నాయా, లేక ప్లాస్టిక్ రేకులా అని వేలితో తట్టి చూడండి. గాలి పీల్చే గొట్టం మూతి ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఏరు దాటేటప్పుడు నీళ్లు దానికన్నా కిందే ఉండాలి. ఇంజను నీళ్లు మింగితే పిస్టను దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందూ వెనకా చట్రానికి బిగించిన లాగుడు కొక్కేలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ట్రెయిలరు తగిలించే గుండుని చూపించి ఇదే కొక్కెం అని ఎవరైనా అంటే నమ్మకండి. కూరుకుపోయిన బండిని దానికి తాడు కట్టి లాగితే ఆ గుండు విరిగి ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది, మనుషులు పోయారు అలా. చివరగా స్టెప్నీ కిందికి దింపించి చూడండి. మిగతా నాలుగింటి సైజే ఉండాలి.

పాత బట్టలు వేసుకెళ్లండి, ఒక చాప కూడా పట్టుకెళ్లండి. షోరూమ్ గచ్చు చల్లగా ఉంటుంది.